నుమాయిష్‌లో కాశ్మీరీ శాలువాల స్టాల్: మగ్గం పని చేయించే మనిషి చూసిన చూపు

నుమాయిష్, అంటే మన హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్‌లో కాశ్మీరీ స్టాళ్ళు చాలానే ఉంటాయి. బోర్డులన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి నేను చెప్పే స్టాల్‌కి గుర్తులు చెబుతాను. గాంధీ భవన్ మెట్రో వైపు గేటులోంచి లోపలికి వెళ్ళి, డ్రై ఫ్రూట్స్ వాళ్ళని దాటాక మూల మీద ఉంటుంది. ముందు అక్రోటు చెక్క మీద చినార్ ఆకులు చెక్కిన చిన్న బల్ల, దాని మీద ఇత్తడి సమోవార్ (టీ కాచే పాత్ర). లోపల ప్రతి శాలువాకీ గులాబీ రంగు చీటీ కట్టి ఉంటుంది. చీటీ మీద చేత్తో రాసిన ధర, అది ఏ ఉన్ని, చేతి పనా మెషీన్ పనా అన్నది. ఆ చీటీని చూసే ఈ రివ్యూ రాయాలనిపించింది. అంత స్పష్టంగా రాసిపెట్టే శాలువాల దుకాణం ఎగ్జిబిషన్‌లో నాకు ఇంకోటి కనిపించలేదు. సరుకు మంచిది, ధర న్యాయమైనది, మనుషులు మర్యాదస్తులు. లైటు మాత్రం అస్సలు బాగాలేదు, దాని గురించి తర్వాత చెబుతాను.

నాకు కాచిగూడలో మగ్గం వర్క్ కార్ఖానా ఉంది. పెళ్ళి బ్లౌజులు, లెహెంగాలు, ఓణీల మీద వర్క్ చేయిస్తాను. రోజంతా దారం, సూది, బట్ట చూసే పని కాబట్టి ఎక్కడ వర్క్ కనిపించినా ముందు వెనక్కి తిప్పి చూస్తాను. ఈసారి మా అక్క కూతురికి పెళ్ళి కుదిరింది. అబ్బాయి ఉద్యోగం ఢిల్లీలో. "పిన్నీ, అక్కడ చలికి ఒక మంచి శాలువా కావాలి, ఇప్పించవా" అని అడిగింది. దాన్ని వెంటబెట్టుకొని వెళ్ళాను. మా కార్ఖానాలో అందరికంటే పెద్ద కారీగర్‌ని కూడా రమ్మన్నాను. పాతబస్తీ మనిషి, చిన్నప్పటి నుంచీ జర్దోజీ చేస్తున్నాడు, మేమంతా మాస్టర్జీ అంటాం.

ముందు ఆరీ వర్క్ శాలువాలు చూశాం. మన మగ్గం వర్క్‌లో వాడే కొక్కెం సూది, వాళ్ళ ఆరీ ఒకటే జాతి. గొలుసు కుట్టూ ఒకటే. మనం బట్టని చట్రానికి బిగించి కుడతాం. వాళ్ళు బట్టని మోకాలి మీద పరుచుకొని కుడతారని స్టాల్ నడిపే భాయ్ చెప్పాడు. మాస్టర్జీ ఆశ్చర్యపోయాడు. చట్రం లేకుండా ఇంత సమంగా గొలుసు రావాలంటే చెయ్యి ఎంత నిలకడగా ఉండాలో ఆయనకు తెలుసు. మామూలు మెత్తటి ఉన్ని మీద అంచు నిండా ఆరీ పని ఉన్న శాలువా 3,200 రూపాయలు. వెనక్కి తిప్పితే ముడులు చిన్నవి, దారం ఎక్కడా వదులు లేదు. ఆ పనికి ఆ ధర తక్కువే అనిపించింది. ఇంతే పని నా దగ్గర చేయిస్తే కారీగర్ కూలికే అంతకంటే ఎక్కువ అవుతుంది.

దాని పక్కన 900, 1,200 చీటీలు ఉన్న గుట్ట ఒకటి ఉంది. చీటీ మీద మెషీన్ అనే రాశారు. "ఇది లూధియానా నుంచి వస్తుంది బాజీ, వెచ్చగానే ఉంటుంది, కానీ కాశ్మీర్‌ది కాదు" అన్నాడు భాయ్, మేం అడగకముందే. తెలియని వాళ్ళకి ఆ గుట్టనే రెండింతల ధరకు అంటగట్టడం ఎంత తేలికో ఈ వ్యాపారంలో ఉన్నవాళ్ళకి తెలుసు. ఆ మాట వినగానే నాకు ఆ దుకాణం మీద గౌరవం కలిగింది.

ఇక పష్మీనా. ఉంగరంలోంచి దూరితే అసలు పష్మీనా అని మనవాళ్ళలో ఒక నమ్మకం ఉంది. ఆ పరీక్షని నమ్మకండి. పలచటి విస్కోస్ (రేయాన్) బట్ట కూడా ఉంగరంలోంచి దూరుతుంది. ఒక పోగు కాల్చి చూడటం కొంత నయం. జుట్టు కాలిన వాసన వచ్చి, బూడిద నలిపితే పొడి అయితే అది జంతువుల ఉన్ని. కానీ అది పష్మీనానా లేక గొర్రె ఉన్నియా అన్నది అలా తేలదు. గట్టి రుజువు ఒకటే, జీఐ (భౌగోళిక గుర్తింపు) లేబుల్. కాశ్మీర్ పష్మీనాకి 2008లో జీఐ వచ్చింది. శ్రీనగర్‌లోని క్రాఫ్ట్ డెవలప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ ల్యాబ్‌లో ఒక్కో శాలువాని పరీక్షిస్తారు. పోగు మందం 16 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటకూడదు, చేత్తో వడికి చేత్తో నేసి ఉండాలి. అప్పుడే ప్రత్యేకమైన నంబరుతో లేబుల్ ఇస్తారు. ఈ స్టాల్‌లో పష్మీనా అని రాసిన వాటిలో కొన్నిటికి ఆ లేబుల్ ఉంది, కొన్నిటికి లేదు. లేనివాటిని వేరే అరలో పెట్టి, ధర తగ్గించి, చీటీ మీద లేబుల్ లేదని రాశారు. మేం లేబుల్ ఉన్న ఏ అలంకారమూ లేని లేత గోధుమరంగు స్టోల్ తీసుకున్నాం. చీటీ ధర 14,500.

ఆ అంకె చూసి మా పిల్ల నా చెయ్యి గిల్లింది. "పిన్నీ, పువ్వు కూడా లేదు, ఇంత ధరా?" అంది. ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుందో కొంచెం వివరంగా చెబుతాను. బ్లౌజు మీద వర్క్‌కి ధర అడిగి నోరు వెళ్ళబెట్టే కస్టమర్లకి నేను రోజూ ఇలాగే చెప్పుకోవాలి కాబట్టి నాకు ఓపిక ఉంది.

ఆ ఉన్ని కాశ్మీర్ లోయలో పుట్టదు. లద్దాఖ్‌లో చాంగ్‌థాంగ్ అనే ఎత్తైన ఎడారిలో, 14,000 అడుగుల పైన పెరిగే చాంగ్రా మేక ముతక వెంట్రుకల కింద ఉండే మెత్తటి నూగు అది. చాంగ్‌పా అనే సంచార పశువుల కాపరులు వేసవి మొదలయ్యేటప్పుడు దాన్ని దువ్వి తీస్తారు. ఒక్కో మేక నుంచి పావు కిలో దొరికితే గొప్ప, ముతక వెంట్రుకలు ఏరేశాక ఇంకా తగ్గిపోతుంది. ఆ మేకలు మేసే చోట్లు ఎక్కడో చూడండి: పాంగాంగ్ సరస్సు, చుశూల్, డెమ్‌చోక్. 2020 నుంచీ మనం టీవీ వార్తల్లో విన్న పేర్లే ఇవి. చైనాతో మనకు ఖరారైన సరిహద్దు లేక, వాస్తవాధీన రేఖ అని పిలుచుకునే గీత అక్కడే ఉంది. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో మన సైనికులు 20 మంది ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత కొన్ని చోట్ల రెండు సైన్యాలూ అడుగుపెట్టని బఫర్ జోన్లు పెట్టారు. తరతరాలుగా చలికాలంలో మేకల్ని తోలుకెళ్ళే మేత భూములు కొన్ని చేజారాయని చాంగ్‌పాలు మొత్తుకుంటూనే ఉన్నారు. 2024 అక్టోబరులో డెప్సాంగ్, డెమ్‌చోక్‌ల దగ్గర గస్తీ మీద రెండు దేశాలూ ఒప్పందానికి వచ్చాయి. కానీ మేత దొరక్క ఒక చలికాలంలో మేకపిల్లలు చనిపోతే మంద మళ్ళీ కోలుకోవడానికి ఏళ్ళు పడుతుంది.

తీసిన ఉన్ని లేహ్ నుంచి శ్రీనగర్‌కి రావాలి. దారిలో కార్గిల్, ద్రాస్, జోజి లా కనుమ. 1999లో పాకిస్తాన్ చొరబాటుదారులు ఎక్కి కూర్చున్నది ఈ రోడ్డుకి ఎగువనున్న కొండల మీదే. అక్కడి నుంచి శ్రీనగర్ పాతబస్తీ ఇళ్ళకు చేరాక ఆడవాళ్ళు యెందర్ అనే చరఖా మీద వడుకుతారు. ఆ పోగు ఎంత సన్నమంటే మిల్లు మెషీన్ మీద వడికితే తెగిపోతుంది, అందుకే మిల్లుల్లో నైలాన్ కలిపి వడికి తర్వాత దాన్ని కరిగించేస్తారు. చేత్తో వడికిన పోగులో కొద్దిగా హెచ్చుతగ్గులు ఉంటాయి. స్టోల్‌ని వెలుతురుకి ఎదురుగా పట్టుకొని ఆ హెచ్చుతగ్గుల్ని మాస్టర్జీ మా పిల్లకి చూపించాడు. అప్పుడిక అది ధర గురించి మాట్లాడలేదు.

ఒక దేశంతో గీత తేలని నేల మీద పుట్టి, ఇంకో దేశంతో గీత తేలని లోయలో వడికి నేసిన బట్ట అది. బేరం మొదలుపెట్టేముందు కాసేపు దాన్ని చేతుల్లో పట్టుకొని చూడమని మాత్రం అడుగుతాను.

స్టాల్ నడిపే భాయ్ శ్రీనగర్‌లో జైనా కదల్ దగ్గర ఉండేవాడట. యాభై దాటి ఉంటాయి. రద్దీ తగ్గాక సమోవార్‌లోంచి కహ్వా (కాశ్మీరీ టీ) పోసిచ్చి, మాస్టర్జీతో ఉర్దూలో మాటల్లో పడ్డాడు. శాలువా చరిత్రంతా నోటికి వచ్చు. 1846లో ఇంగ్లీషువాళ్ళు అమృత్‌సర్ ఒప్పందంలో 75 లక్షల నానక్‌షాహీ రూపాయలకు కాశ్మీర్‌ని మహారాజా గులాబ్ సింగ్‌కి రాసిచ్చారు. ఏటా ఆయన వాళ్ళకు చెల్లించాల్సిన కప్పం ఏమిటంటే ఒక గుర్రం, 12 శాలువా మేకలు (6 మగ, 6 ఆడ), 3 జతల కాశ్మీరీ శాలువాలు. ఒక నేలని, దాని మీది మనుషుల్ని కలిపి అమ్మిన కాగితంలో శాలువా కూడా ఉంది. తర్వాత శాలువా మీద వేసిన పన్నులు భరించలేక నేతగాళ్ళు 1865 ఏప్రిల్ 29న శ్రీనగర్ జల్దాగర్‌లో ఊరేగింపు తీశారు. సైన్యం తరిమితే 28 మంది చనిపోయారు. ఆ మాట చెప్పేటప్పుడు భాయ్ గొంతు తగ్గింది. మాస్టర్జీ కప్పు కింద పెట్టేసి "కారీగర్ కథ ఎక్కడైనా ఇంతే" అన్నాడు. నా కార్ఖానాలో కూర్చొని పనిచేసే మనిషి ఆ మాట అన్నాడు. నేను ఆయనకు ఎంత ఇస్తున్నానో నాకు తెలుసు. దసరా నుంచి కూలి పెంచాను, ఇంకా పెంచాలి.

ఇప్పుడు ఆ రోజు జరిగిన ఇంకో విషయం. భాయ్ దగ్గర సాయానికి ఇరవై ఏళ్ళ కుర్రాడు ఒకడున్నాడు, వాళ్ళ అన్న కొడుకు. ఒకాయన కుటుంబంతో వచ్చి, శాలువాలన్నీ విప్పించి, సగం ధరకు అడిగాడు. కుర్రాడు కుదరదన్నాడు. ఆయన వెళ్తూ వెళ్తూ "మీరు ఇండియావాళ్ళేనా అసలు? పహల్గాంలో చేసింది చాలదా" అన్నాడు. కుర్రాడు ఏమీ అనలేదు. విప్పిన శాలువాలు ఒక్కొక్కటీ మడత పెట్టుకుంటూ ఉన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆయన్ని ఆపి, "అన్నా, ఆ మాట తప్పు. ఆ పిల్లాడు ఏం చేశాడు?" అని గట్టిగానే అడిగాను. వాళ్ళావిడ ఆయన్ని లాక్కెళ్ళిపోయింది.

2025 ఏప్రిల్ 22న పహల్గాం దగ్గర బైసరన్‌లో టెర్రరిస్టులు 26 మందిని చంపారు. వాళ్ళలో తెలుగువాళ్ళు కూడా ఉన్నారు. ఆ దుఃఖం మన ఇళ్ళలోదే. ఆ 26 మందిలో ఒకరు టూరిస్టుల్ని కాపాడబోయిన అక్కడి గుర్రపు కాపరి అన్నది కూడా మరిచిపోకూడదు. ఆ తర్వాత వేసవి సీజన్ మొత్తం టూరిస్టులు లేక లోయలో పడవలు, గుర్రాలు, దుకాణాలు ఖాళీగా ఉండిపోయాయి. మే నెలలో సరిహద్దుకి రెండువైపులా బాంబులు పడ్డాయి. చలికాలంలో ఊళ్ళు తిరిగి శాలువాలు అమ్ముకొనే కాశ్మీరీ కుర్రాళ్ళని ఉత్తరాదిలో కొన్ని చోట్ల కొట్టారని వార్తలు వచ్చాయి. "హైదరాబాద్‌లో మాకు భయం లేదు బాజీ, మా నాన్న కాలం నుంచీ వస్తున్నాం" అన్నాడు భాయ్. నా ఊరి గురించి ఆ మాట విని సంతోషించాను. అది అలాగే ఉండాలని కోరుకుంటున్నాను, దయచేసి ఈ రివ్యూ చదివి వెళ్ళేవాళ్ళు ఆ కుర్రాడితో మంచిగా మాట్లాడండి.

ఈ ఎగ్జిబిషన్‌కీ కాశ్మీర్ కథకీ ఒక పోలిక ఉంది. 1938లో మొదలైన నుమాయిష్ 1947లో, 1948లో జరగలేదు. 1947 ఆగస్టులో ఏ దేశంలోనూ చేరకుండా ఆగిపోయిన పెద్ద సంస్థానాలు రెండు, ఒకటి మన హైదరాబాద్, రెండోది కాశ్మీర్. అక్కడ మహారాజా హరి సింగ్ ఆ అక్టోబరు 26న భారత్‌లో చేరే కాగితం మీద సంతకం పెట్టాడు. ఇక్కడ 1948 సెప్టెంబరులో సైన్యం వచ్చింది. రెండు గొడవలూ ఐక్యరాజ్యసమితి దాకా వెళ్ళాయి. మనది నాలుగైదు రోజుల్లో ముగిసింది, దానివల్ల పడ్డ బాధలు ముగియడానికి ఇంకా చాలా కాలం పట్టింది, అయినా గీత చెరిగిపోయింది. వాళ్ళది మాత్రం 1949 కాల్పుల విరమణ రేఖగా మొదలై, 1972 సిమ్లా ఒప్పందం తర్వాత నియంత్రణ రేఖ అయి, ఊళ్ళ మధ్య నుంచే పోతోంది. నాకు ఈ పోలిక భాయ్ మాటల్లోనే తట్టింది. వాళ్ళ మేనత్త పెళ్ళి చేసుకొని గీతకు అవతలున్న ముజఫరాబాద్ వెళ్ళిందట. 2005లో శ్రీనగర్ నుంచి ముజఫరాబాద్‌కి బస్సు వేసినప్పుడు వాళ్ళ నాన్న వెళ్ళి చెల్లెల్ని చూసి వచ్చాడట.

2008 అక్టోబరు నుంచి ఆ గీత మీదుగా వ్యాపారం కూడా నడిచింది. డబ్బు చేతులు మారకూడదు, సరుకుకి సరుకే. 21 రకాల వస్తువులకు అనుమతి. ఆ జాబితాలో శాలువాలు, కుంకుమపువ్వు, అక్రోటు చెక్క సామాను ఉన్నాయి. అటునుంచి ఇటు, ఇటునుంచి అటు లారీలు తిరిగాయి. 2019 ఏప్రిల్‌లో ఆయుధాలు, మత్తుమందులు, దొంగనోట్లు వస్తున్నాయని చెప్పి మన ప్రభుత్వం దాన్ని ఆపేసింది. "అప్పుడు మా అత్త కొడుకు పేరు మీద ఒక లోడు ఎండు ఖర్జూరం వచ్చింది, మేం శాలువాలు పంపాం" అని చెప్పి భాయ్ నవ్వాడు. నాలుగు నెలల తర్వాత 370 అధికరణం రద్దయింది, అక్టోబరు 31 నుంచి లద్దాఖ్ వేరు కేంద్రపాలిత ప్రాంతమైంది. రాజకీయంగా ఏది ఒప్పు ఏది తప్పు అని నేను ఇక్కడ వాదించను. కానీ చుట్టాల మధ్య సరుకు తిరిగిన ఆ దారి ఉండాల్సిందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

లోపలి అరలో 'కానీ' అనే రకం శాలువాలు రెండున్నాయి. అడిగితేనే తీస్తారు, అడగండి. ఇది కుట్టు పని కాదు, మగ్గం మీదే రంగు రంగుల దారం చుట్టిన చిన్న చెక్క పుల్లలతో పువ్వు పువ్వుగా నేస్తారు. ఏ రంగు ఎన్ని పోగుల మీదుగా పోవాలో తాలీమ్ అనే గుర్తుల లిపిలో రాసి ఉంటుంది. భాయ్ దగ్గర పాత తాలీమ్ కాగితం ముక్క ఒకటుంది. అది చూసి మాస్టర్జీ చాలాసేపు వదల్లేదు. మనకి ట్రేసింగ్ పేపర్ మీద బొమ్మ ఉంటుంది, వాళ్ళకి బొమ్మే లేదు. ఒక శాలువాకి నెలలు పడుతుంది, పని ఎక్కువైతే ఏడాది దాటుతుంది. ధర 1,40,000. అసలుదా కాదా అని వెనక చూడాలి. చేతి కానీలో ప్రతి రంగు దాని చోటులోనే పక్క రంగు దారంతో ముడిపడి ఆగిపోతుంది. పవర్‌లూమ్ మీద నేసినదాంట్లో దారాలు వెనక అడ్డంగా వేలాడతాయి, లేదా కత్తిరించిన కుచ్చులు కనిపిస్తాయి. అమృత్‌సర్ పవర్‌లూమ్‌ల మీద ఇలాంటివి విపరీతంగా తయారవుతున్నాయి. లోయలో కానీ నేసేవాళ్ళ కూలిని దెబ్బతీస్తున్నది అదే. మేం కొనలేదు, కొనే స్తోమత లేదు. కొనగలిగినవాళ్ళు మాత్రం వేరే చోట వెతక్కుండా ఇక్కడ తీసుకోవచ్చు.

పేపియర్ మాషే (కాగితం గుజ్జుతో చేసిన) డబ్బాలు బాగున్నాయి, 250 నుంచి మొదలు. పిల్లల ఫెరన్లలో (కాశ్మీరీ వదులు అంగీలు) కుట్లు ఊడుతున్నాయి, వద్దు. కుంకుమపువ్వు గ్రాము 550 అన్నారు, నేను తీసుకోలేదు, దాంట్లో నాకు అనుభవం లేదు. ఎవరైనా, ఏ స్టాల్‌లోనైనా గొంతు తగ్గించి షాతూష్ ఉందని చెబితే అక్కడి నుంచి వచ్చేయండి. చిరు అనే టిబెట్ జింకను చంపి తీసే ఉన్ని అది, అమ్మినా కొన్నా నేరమే.

ఇబ్బందులు. స్టాల్‌లో పసుపు బల్బులు ఉన్నాయి, రంగు అసలు తెలియదు. లేత గోధుమరంగు అనుకొని తీసుకున్నది గంధం రంగేమోనని అనుమానం వచ్చి, కుర్రాణ్ణి అడిగి బయట తెల్ల లైటు కిందికి తీసుకెళ్ళి చూశాం. అభ్యంతరం చెప్పలేదు. అద్దం ఒక్కటే, అదీ చిన్నది. శని ఆదివారాల్లో నిలబడటానికి చోటు ఉండదు, ఫోన్ సిగ్నల్ కూడా అందక యూపీఐ ఆగిపోతుంది, కాబట్టి మామూలు రోజు నాలుగైదు గంటలకే వెళ్ళండి, కొంత క్యాష్ ఉంచుకోండి. బిల్లు మీద మొదట ఉత్త "శాలువా" అని రాశారు. చేతి పష్మీనా అని, లేబుల్ నంబరుతో సహా రాయమంటే రాసిచ్చారు. మీరూ అలాగే అడిగి రాయించుకోండి. 14,500కి 13,500 ఇచ్చాను, అదీ భాయ్ తనంతట తాను తగ్గించినదే.

వాళ్ళ దగ్గర రఫూగర్, అంటే చిల్లులు కనపడకుండా దారంతో పూడ్చే మనిషి కూడా ఉన్నాడు. పాత ఉన్ని శాలువాకి పురుగు కొట్టిన చిల్లులుంటే ఉతికించి తీసుకెళ్ళండి, చిల్లుకి 200 నుంచి 600 దాకా, పది రోజుల్లో ఇస్తారు. ఫిబ్రవరి మొదటి వారం దాటాక ఇస్తే ఎగ్జిబిషన్ అయిపోయేలోపు పని పూర్తికాదని చెప్పారు. కొన్నదాన్ని ఇంట్లో దాచేటప్పుడు ప్లాస్టిక్ కవర్‌లో పెట్టకండి, పాత మల్లు గుడ్డలో చుట్టి, కలరా ఉండలు నేరుగా తగలకుండా, రెండు నెలలకోసారి మడత మార్చి పెట్టండి.